పెద్దవాళ్లుండే ఇంటికి ముందు మిద్దె, తర్వాత బాత్‌రూమ్, ఏసీ ఆఖరున

పాఠకుల ప్రశ్నలు – ఇల్లు, కట్టడం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. కట్టినప్పుడు అమ్మానాయనలకు ఒంట్లో సత్తువ ఉంది, ఇప్పుడు లేదు. ఎలివేషన్‌కు లక్షలు పోసిన ఇళ్లలోనూ పైన స్లాబు కాలుతోంది, కింద నేల జారుతోంది. కట్టడాల పని తెలిసినవాళ్లు, వృద్ధుల సంరక్షణ తెలిసినవాళ్లు కలిసి జవాబులిచ్చారు.

ప్రశ్న: మాది అనంతపురం. కింద అద్దెకిచ్చి పైన మేముంటాం. నాయనకు 78, అమ్మకు 72. మార్చి దాటితే సందకాడ నుంచి రాత్రి పదకొండు దాకా గది పొయ్యి మాదిరి ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ వేయించి ఏసీ పెట్టిద్దామనుకుంటున్నాం. సరేనా?

జవాబు: పైసా ఖర్చు లేని పని ముందు చెప్తాం. అద్దెవాళ్లు మారేటప్పుడు మీరు కిందికి దిగి, పైభాగం అద్దెకివ్వండి. మీ ఇంట్లో కింది అంతస్తుకు పై అంతస్తే గొడుగు. మెట్ల బాధా తప్పుతుంది. అది కుదరదంటే మిగతాది చదవండి.

మన అక్షాంశంలో సూర్యుడు ఏప్రిల్ ఆఖరున ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే వేసవంతా ఎండదెబ్బ గోడల మీద కంటే మిద్దె మీదే ఎక్కువ. నల్లబారిన సిమెంటు స్లాబు పడిన ఎండలో మూడింట రెండొంతులకు పైగా తాగేస్తుంది. అయిదంగుళాల స్లాబు గుండా ఆ వేడి లోపలికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ మీ గదిలోకి సాయంత్రం అయిదింటికి వస్తోందన్నమాట. రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి సీలింగ్‌కు అరచేయి ఆనించి చూడండి. గోడ కంటే సీలింగ్ వేడిగా ఉంటే దోషం మిద్దెదే.

ఫాల్స్ సీలింగ్ వేస్తే స్లాబు చల్లబడదు, కనబడకుండా పోతుందంతే. వేడి మీదికి నేరుగా కొట్టడం కొంత తగ్గుతుంది గానీ గది ఎత్తు పోతుంది, ఫ్యాన్ కిందికి దిగుతుంది, పైన లీకేజీ వస్తే ఏడాది దాకా తెలియదు. ఏసీ ఒక్కటే పెడితే కాలిన స్లాబుతో అది రాత్రంతా కుస్తీ పడుతుంది. కరెంటు పోయిన అరగంటకే గది మళ్లీ మొదటికొస్తుంది. ఎండను మిద్దె పైనే ఆపాలి.

అన్నిటికంటే చవక సున్నం. తాజా సున్నం పడిన ఎండలో మూడింట రెండొంతులకు పైగా వెనక్కి కొట్టేస్తుంది. గదిలో రెండు నుంచి అయిదు డిగ్రీల దాకా తేడా రావచ్చు. కిటికీలు, స్లాబు మందాన్ని బట్టి. ఉగాదికి ముందే, మార్చి మొదట్లో వేయించండి. మిద్దె ఊడ్చి, పాచి గీకి, కడిగి ఆరనివ్వాలి. పగుళ్లను ఉలితో 'వి' ఆకారంలో తెరిచి పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చి రెండు రోజులు ఆగాలి. కాల్చిన రాతిసున్నం కిలోకు అయిదు లీటర్ల నీళ్ల లెక్కన డ్రమ్ములో చల్లార్చండి. అది సలసలా ఉడుకుతుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్ వద్దు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి. ఒక పగలూ రాత్రీ నానాక గోనెగుడ్డలో వడకట్టి, లీటరుకు నాలుగు గ్రాముల చొప్పున వేడినీళ్లలో కరిగించిన బంక కలపండి. మిద్దెను తడిపి, ఎండ తగ్గాక, ఒక పూత నిలువుగా, తర్వాతది అడ్డంగా, మూడోది మళ్లీ నిలువుగా వేయాలి. ఎంత సరుకు పడుతుందో ముందు పది అడుగుల చదరం వేసి చూసుకుని అప్పుడు కొనండి.

వారానికే పొడిపొడిగా రాలిపోయిందని చాలామంది అంటారు. మిట్టమధ్యాహ్నం కాలుతున్న పొడి స్లాబు మీద వేస్తే సున్నంలోని నీరు క్షణంలో ఆవిరైపోతుంది, పట్టు దొరకదు. తడి మీద వేసి, మర్నాడు పొద్దున్నే నీళ్లు చిలకరిస్తే నిలుస్తుంది. మన గాలిలో దుమ్ము ఎక్కువ కదా, నెలకోసారి మిద్దె ఊడ్వకపోతే తెల్లదనం పోయి ఫలితం సగానికి పడుతుంది. వానలకు సున్నం కొట్టుకుపోతుంది, ఏటా వేయక తప్పదు. ఏటేటా ఆ పని వద్దనుకుంటే తెల్ల టైల్ ముక్కల మొజాయిక్ వేయించండి, లేదా ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటు. తెలంగాణలో 2023లో దీనికోసం ప్రభుత్వం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది.

ఇంకా గట్టి పని కావాలంటే వాటర్‌ప్రూఫింగ్ మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి నురుగు పలక) పరిచి, పైన వైర్‌మెష్‌తో రెండంగుళాల కాంక్రీటు, ఆ పైన తెల్ల టైల్స్. ఇది నిజంగానే పని చేస్తుంది. కానీ రెండంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకు దాదాపు పదకొండు కిలోలు. వెయ్యి అడుగుల మిద్దెకు పదకొండు టన్నులు. పాత స్లాబు అంత మోస్తుందా లేదా స్ట్రక్చరల్ ఇంజనీరుతో చూపించకుండా వేయించకండి. బోర్లించిన కుండలు పేర్చి సున్నపు కాంక్రీటు పోసే పాత పద్ధతికీ ఇదే హెచ్చరిక. సోలార్ ప్యానెళ్లు పెట్టే ఆలోచన ఉంటే వాటిని పెద్దవాళ్ల గది పైనే, గాలి ఆడేలా ఎత్తులో పెట్టించండి. నీడకు నీడ, కరెంటుకు కరెంటు. పీఎం సూర్యఘర్ కింద ఇళ్లకు ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు ఆపైన 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

ఇదంతా చేశాకే ఏసీ. పెట్టినా 26, 27 డిగ్రీల మీద ఉంచి ఫ్యాన్ నెమ్మదిగా తిరగనివ్వండి. రాత్రి పది తర్వాత కిటికీలు బార్లా తెరిచి, పొద్దున ఎనిమిదింటికల్లా మూసి తెరలు దించాలి. పగలు కిటికీలు తీసి 'గాలి రానీ' అనడం మనకు అలవాటు. మే నెలలో ఆ గాలి బయటి 42 డిగ్రీలను లోపలికి మోసుకొస్తుంది.

ప్రశ్న: ప్రొద్దుటూరు. బాత్‌రూమ్‌లో అమ్మ రెండుసార్లు జారింది, దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. నేలకు పాలిష్ కడప బండ. గోడకు పట్టుకోవడానికి స్టీలు రాడ్డు వేయిస్తే చాలా?

జవాబు: చాలదు. అదీ టవల్ రాడ్డు అయితే లేనిదానికంటే ప్రమాదం. దాన్ని నమ్మి పట్టుకున్న మనిషి స్క్రూలతో సహా కింద పడుతుంది.

నేల సంగతి ముందు. పాలిష్ కడప బండ పొడిగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. సబ్బునీళ్లు పడితే అద్దమే. పైగా అది సున్నపురాయి. బాత్‌రూమ్ యాసిడ్‌తో కడిగితే పైపొర కరిగి గుంటలు పడి, ఆ గుంటల్లో సబ్బుజిడ్డు చేరుతుంది. యాసిడ్ ఇవాళే మానేయండి. బండ పీకించే పని లేకుండా కావాలంటే గ్రైండింగ్ మెషీన్‌తో పాలిష్ తీయించి గరుకు చేయించవచ్చు. పీకించేటట్టయితే పాలిష్ చేయని బేతంచెర్ల బండ గానీ, జారుడు తక్కువని సూచించే ఆర్-11 గుర్తున్న గరుకు టైల్స్ గానీ వేయించండి. టైల్ ఎంత చిన్నదైతే అంత మేలు. సందులు ఎక్కువ, కాలికి పట్టు ఎక్కువ. రెండడుగుల టైల్స్ షాపులో ముచ్చటగా ఉంటాయి, బాత్‌రూమ్‌లో మాత్రం వద్దు.

నీటివాలు అడుగుకు పావు అంగుళానికి మించకూడదు. మించితే వాకర్ తనంతట తనే జారుతుంది. గడప తీసేయించండి. నీళ్లు బయటికొస్తాయని బేల్దారి గడప పెడతానంటాడు. దానికి బదులు తలుపు వారన అడ్డంగా జాలీ కాలువ పెట్టమనండి. అడ్డు తప్పదంటే అర అంగుళం, అదీ ఏటవాలుగా. తలుపు బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరిచే తలుపు వెనక మనిషి పడితే ఆ తలుపు తీయలేరు. గొళ్లెం బయటి నుంచి కూడా నాణెంతో తిప్పి తీసేది పెట్టండి. గడప, తలుపు – ఈ రెండూ మార్చడానికి పెద్ద ఖర్చు కాదు, కానీ అందరూ చివరికే వదిలేస్తారు.

ఇక పట్టుకునే రాడ్లు. లావు అంగుళంన్నర, గోడకు రాడ్డుకు మధ్య సందు రెండంగుళాలు. అంతకంటే ఎక్కువ సందుంటే మోచెయ్యి లోపలికి దిగి ఇరుక్కుంటుంది. కమోడ్ ఎత్తు 18–19 అంగుళాలు, పక్క గోడ నుంచి సీటు నడుమ వరకు 18 అంగుళాలు. ఆ పక్క గోడకు అడ్డరాడ్డు నేల నుంచి 27–28 అంగుళాల ఎత్తున, సీటు ముందుకు ఒక అడుగు పొడుచుకొచ్చేలా. లేచేటప్పుడు లాక్కోవడానికి దాని చివర ఒక నిలువు రాడ్డు. స్నానం చేసే చోట ఇంకొకటి. గోడ నాలుగున్నర అంగుళాలదైతే స్క్రూ, ప్లాస్టిక్ ప్లగ్గుతో ఆగదు. అవతలి వైపు నుంచి బోల్టు దూర్చి ప్లేటు వేసి బిగించాలి. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు యాంకర్ బోల్టు చాలు. ఏఏసీ (గాలిబుడగల తేలిక సిమెంటు) బ్లాకుల గోడైతే కెమికల్ యాంకర్, అంటే రంధ్రంలో జిగురు పోసి బిగించే బోల్టు, తప్పదు. టైల్ వెనక బోలుగా ఉంటే, అంటే వేలితో కొడితే డొల్ల మోత వస్తే, అక్కడ బిగించకండి, టైల్ పగులుతుంది. పని అయ్యాక బిగించినాయన్నే రాడ్డు పట్టుకుని కాళ్లెత్తి వేలాడమనండి. ఆయన వెనకాడితే రాడ్డు ఊడదీసి మళ్లీ బిగించమనండి. గోడకు అతికించే సక్షన్ కప్ రాడ్లు ఉచితంగా ఇచ్చినా వద్దు.

స్నానానికి నాలుగు కాళ్లకూ రబ్బరు ఉన్న, చేతులున్న కుర్చీ, చేతి షవర్. బకెట్ నుంచి చెంబుతో ముంచుకోవడానికి వంగినప్పుడే తల తిరుగుతుంది. ఇండియన్ టాయిలెట్ మీద పెట్టే కాళ్ల స్టూలు కొన్నాళ్లకు కాళ్లు ఎడమై ఊగుతుంది; తాత్కాలికానికి తప్ప దాన్ని నమ్ముకోకండి. కమోడ్ పక్కనే నేల నుంచి ఒక అడుగు ఎత్తు దాకా వేలాడే తాడుతో కాలింగ్ బెల్ పెట్టండి. గోడ మీద ఎక్కడో ఉన్న స్విచ్ పడిపోయిన మనిషికి అందదు.

ప్రశ్న: కర్నూలు దగ్గర ఎకరం స్థలంలో 20 మంది ఉండేలా వృద్ధాశ్రమం కట్టాలని మా ట్రస్టు ఆలోచన. ఇంజనీరు నడవకు రెండు పక్కలా గదులతో రెండంతస్తుల ప్లాన్ ఇచ్చారు. 150 మంది ఉంటేనే అనుమతి అంటున్నారు కొందరు. ఏం జాగ్రత్తలు చూడాలి?

జవాబు: 150 సంగతి పొరపాటు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 19వ సెక్షన్ చెప్పేది రాష్ట్ర ప్రభుత్వాల గురించి. జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడేలా ఉండాలని. 20 మందికి ట్రస్టు కట్టుకోవడానికి అది అడ్డు కాదు. మీ ఇంజనీరుకు ఇవ్వాల్సిన పత్రం 2021 నాటి కేంద్ర సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు; ర్యాంపు, తలుపు, టాయిలెట్ కొలతలన్నీ అందులో ఉన్నాయి.

ప్లాన్ మాత్రం మార్చమనండి. ఎకరం ఉండగా రెండంతస్తులెందుకు? రెండు పక్కలా గదులుండే నడవ హాస్టళ్లకు, లాడ్జీలకు. నడవ చీకటి, గదిలో గాలి ఒక వైపు నుంచే, ఎదురుగాలి ఉండదు. ఒకే అంతస్తులో, నడుమ ఆకాశం కనబడే వాకిలి వదిలి, చుట్టూ ఎనిమిదడుగుల వరండా, వరండా వెనక గదులు. మన తొట్టికట్టు ఇళ్లు ఇదే లెక్కన కట్టినవి. వరండాలో రెండు వీల్‌చైర్లు ఎదురుపడి తప్పుకోవడానికి ఆరడుగులు చాలు. మిగతా రెండడుగులు కూర్చునే బల్లలకు. గదికి ఇద్దరు, 12 బై 14 అడుగులకు తగ్గకుండా. మంచానికి కనీసం ఒక పక్కన మూడడుగులు. కిటికీ అడుగుభాగం నేల నుంచి రెండడుగులే. పడుకున్న మనిషికి గోడ కాదు, వేపచెట్టు కనబడాలి.

పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలకు, పొట్టివి తూర్పు పడమరలకు ఉండాలి. దక్షిణం కిటికీలకు రెండడుగుల చజ్జా. కర్నూలులో మే, జూన్, జూలైల్లో మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచి పడుతుంది, అందుకే ఉత్తరానికీ అడుగున్నర చజ్జా వదలకండి. పడమర గోడకు స్టోర్లు, టాయిలెట్లు, మెట్లు సర్దండి. వాస్తు ప్రకారం పెద్దవాళ్ల గది నైరుతిలో అంటారు. ఆ మూలే సాయంత్రం ఎండకు అన్నిటికంటే కాలుతుంది. అక్కడే కావాలంటే పడమర గోడకు బయట నాలుగడుగుల వరండా, ఆవల కానుగ చెట్లు. కానుగ మన నేలకు, నీటి ఎద్దడికి తట్టుకుంటుంది, నీడ చిక్కగా ఉంటుంది.

నేల నల్లరేగడి అయితే ర్యాంపు మీద కన్నేసి ఉంచాలి. రెండడుగుల అరుగు ఎత్తుకు ర్యాంపు 24 అడుగులు ఉండాలి, అంటే ఒకటికి పన్నెండు. స్థలం లేదని పదడుగుల్లో ముగిస్తే అది ర్యాంపు కాదు, బండి ఎక్కించే దిమ్మె. నాలుగడుగుల వెడల్పు, రెండు పక్కలా 30, 36 అంగుళాల ఎత్తుల్లో రెండేసి రెయిలింగులు, రెండు చివరలా అయిదడుగుల చదునైన చోటు. ఇంతవరకు అందరూ చేస్తారు. చెడేది రెండో ఏడు. ఇంటి పునాది లోతుకు పోయి నిలుస్తుంది, ర్యాంపు కింద రేగడి మాత్రం వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. రెండూ కలిసే చోట అంగుళం మెట్టు లేస్తుంది. వాకర్ ముందుచక్రం అక్కడే తన్నుకుంటుంది. ర్యాంపు కింద మూడడుగులు రేగడి తీసేసి, గరుసు ఆరంగుళాల పొరలుగా పోసి తడిపి దిమ్మిస కొట్టించండి. కలిసే చోట గళ్ల ఇనుపరేకు ఒక వైపే బిగించి వేయండి. కుంగినా రేకు సర్దుకుంటుంది.

గోడలకు ఏది అనడిగితే, చవకగా దగ్గర్లో దొరికేదే. ముద్దనూరు వైపు థర్మల్ కేంద్రం బూడిదతో చేసిన ఇటుకలు, తాడిపత్రి, బేతంచెర్ల రాయి, ఎర్రమట్టి దొరికితే ఆరేడు శాతం సిమెంటుతో నొక్కిన మట్టి దిమ్మెలు. రేగడితో దిమ్మెలు చేయకండి. ఇటుక గోడైతే ఆర్కిటెక్ట్ లారీ బేకర్ మన దేశంలో ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ బాండ్, అంటే ఇటుకలు నిలువుగా నిలబెట్టి నడుమ బోలు వదిలే కట్టు, అడగండి. ఇటుకలు నాలుగో వంతు ఆదా, నడుమ బోలుతో వేడికి అడ్డు. ఆ పని వచ్చిన బేల్దారి దొరికితేనే సుమా. రానివాడు బోలంతా సిమెంటుతో నింపేస్తాడు.

గదిగదికీ ఏసీ అనే ఆలోచన విరమించి ఒక చల్లగది కట్టండి. పది గదులకు ఒకటిన్నర టన్నుల ఏసీలంటే 15 కిలోవాట్ల దాకా లోడు. కరెంటు పోతే జనరేటర్ మోయలేదు. దానికి బదులు ఈశాన్యం వైపు 20 బై 25 అడుగుల హాలు, తొమ్మిదంగుళాల గోడలు, మిద్దె మీద ఎక్స్‌పీఎస్, రెండు ఏసీలు, 20 వాలుకుర్చీలు, పక్కనే రెండు టాయిలెట్లు. లోడు మూడు కిలోవాట్లు, చిన్న జనరేటర్ చాలు. వడగాడ్పు రోజుల్లో పన్నెండు నుంచి అయిదు దాకా అందరూ అక్కడే. టాయిలెట్ పక్కన లేకపోతే మాత్రం ఎవరూ రారు, నీళ్లు తాగడమూ మానేస్తారు.

నీళ్లు: అనంతపురం మాదిరి ఏడాదికి 550 మి.మీ. వానే లెక్క వేసినా, వెయ్యి చదరపు అడుగుల మిద్దె నుంచి సుమారు 50 వేల లీటర్లు పడతాయి, పోయింది పోగా 40 వేలు దక్కుతాయి. సున్నం వేసిన మిద్దె అయితే మొదటి రెండు వానలు బయటికి వదిలేయండి. ఇంకొక్క మాట: రాత్రిపూట దొంగల భయంతో అన్ని గ్రిల్స్‌కూ తాళాలు వేసి తాళంచెవులు ఒకరి నడుముకు కట్టుకునే పద్ధతి ఉంటుంది. నిప్పంటుకున్న రాత్రి ఆ తాళమే యముడు. బయటికి రెండు దారులుండాలి, లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి.

ప్రశ్న: జమ్మలమడుగు పక్క పల్లె. మా జేజినాయన కాలం రాతిగోడల మట్టిమిద్దె. అవ్వ అందులో తప్ప ఉండనంటుంది. కారుతోంది. పడగొట్టి స్లాబు వేయమంటారా?

జవాబు: అవ్వ మాటలో విషయముంది. ఒకటిన్నర అడుగుల రాతిగోడ పగటి వేడిని రాత్రి దాకా లోపలికి రానివ్వదు. మిద్దె మీది కన్నం, అంటే గవాక్షి నుంచి వేడిగాలి పైకి పోతుంది. ఆ చల్లదనం కొత్త స్లాబుకు రాదు.

కానీ ముందు భద్రత. మట్టిమిద్దె కారినప్పుడల్లా పైన ఇంకొంత చౌడు మట్టి వేసుకుంటూ పోవడం వాడుక. వంద చదరపు అడుగుల మీద ఒక్క అంగుళం మట్టి అంటే 400 కిలోలు. ముప్ఫై ఏళ్లలో ఆరంగుళాలు చేరితే గది నెత్తిన రెండున్నర టన్నులు. తడిస్తే ఇంకా ఎక్కువ. ముసురు పట్టిన రాత్రుల్లో పాత మిద్దెలు కూలేది ఇందుకే. దూలాల చివరలు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. అర అంగుళం మెత్తగా దిగితే చెద గానీ పుచ్చు గానీ పట్టింది. అది మార్చేదాకా అవ్వ మంచం ఆ గదిలో వద్దు.

దూలాలు బాగుంటే పాత మట్టి దింపించి, గడ్డివేళ్లు ఏరేసి, నాలుగంగుళాల మట్టి, పైన చౌడు వేసి, నీరు పోయే గొట్టం వైపు వాలు కొట్టించండి. పైన సిమెంటు పూత మాత్రం వేయించకండి. కింద మట్టి కదులుతుంది, సిమెంటు కదలదు. వెంట్రుకవాసి పగులులో దిగిన నీళ్లు ఆవిరయ్యే దారి లేక కర్రను కుళ్లబెడతాయి. గవాక్షికి వానకప్పు, జాలీ పెట్టండి గానీ మూసేయకండి. ఎత్తు గడపకు రెండు వైపులా గరుకు బండతో ఏటవాలు కట్టి, పక్కన నిలువు రాడ్డు వేస్తే చాలు.

ప్రశ్న: గుంతకల్లు. నాయన మంచం పట్టి ఏడాదైంది. కూలర్ పెడితే గది చెమ్మగా, జిడ్డుగా ఉంటోంది. ఫ్యాన్ ఒక్కటే చాలదా?

జవాబు: కూలర్ తప్పు కాదు, మూసిన గది తప్పు. కూలర్ కిటికీలో పెట్టి బయటి గాలి లాగించాలి, ఎదురు కిటికీ సగం తెరవాలి. లోపలే పెట్టి తలుపులు మూస్తే పది నిమిషాల్లో గాలి నీటితో నిండి చెమట ఆరడం మానుతుంది. ఏప్రిల్, మే పొడి ఎండలకు కూలర్ బాగా పనిచేస్తుంది. ఉక్కపోత రోజుల్లో నీళ్లు ఆపి గాలి మాత్రమే వదలండి. మన బోరునీళ్ల ఉప్పుకు ప్యాడ్లు గట్టిపడతాయి, వారానికోసారి తొట్టి ఖాళీ చేసి కడగాలి.

గది వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ ఒక్కటే అంటే ఒంటికి వేడిగాలి కొట్టడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 40 లోపే ఫ్యాన్ వాడమంటుంది. 40 దాటితే ఫ్యాన్ ఆపి, తడిగుడ్డతో చేతులు, మెడ, కాళ్లు తుడుస్తుండండి. పెద్దవయసులో చెమట తక్కువ, దాహం తెలియదు. అడిగితే వద్దంటారు, అడక్కుండా గంటకోసారి తాగించండి. గుండె, మూత్రపిండాల జబ్బుంటే ఎన్ని నీళ్లో డాక్టరు చెప్పినంతే. నీరు పోయే మాత్రలు వేసుకుంటుంటే వేసవి ముందే డాక్టరునడిగి మోతాదు చూపించుకోండి. పరుపు మీది రెక్సిన్‌పై మందపాటి నూలు దుప్పటి పరచండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, తడుపుతూనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: రాయదుర్గం. పెద్దవాళ్ల కోసం సోలార్ వాటర్ హీటర్ ఏ రకం?

జవాబు: మీ బోరునీళ్లు సున్నం ఎక్కువున్నవైతే గాజు గొట్టాల రకం. రాగి గొట్టాల ప్యానెల్ రకంలో సున్నం పేరుకుని గొట్టాలు పూడుకుపోతాయి. ఏదైనా సరే, వేసవిలో ట్యాంకు నీళ్లు 60 డిగ్రీలు దాటతాయి. పెద్దవాళ్ల పల్చటి చర్మం ఆ నీళ్లకు అయిదు సెకన్లలో బొబ్బలెక్కుతుంది. కుళాయికి ముందు థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి ఒకే వేడిలో ఉంచేది) పెట్టించి 43 డిగ్రీలకు బిగించండి. ప్లంబరు అక్కర్లేదంటాడు, వినకండి.

ప్రశ్న: ఆదోని. మా తాతకు మతిమరుపు మొదలైంది. పడసాల నుంచి వంటింట్లోకి పోయేచోట ఆగిపోయి, కాలు ఎత్తి ఏదో దాటుతున్నట్టు దాటుతాడు. అక్కడ మెట్టేమీ లేదు. ఎందుకిలా?

జవాబు: అక్కడ తెల్ల టైల్స్ మధ్య నల్ల బండ పట్టీ ఏమైనా ఉందా, లేక నల్ల డోర్‌మ్యాట్? మతిమరుపు జబ్బులో కంటికి లోతు అంచనా తప్పుతుంది; లేత నేలలో నల్ల పట్టీ గుంటలా కనబడుతుంది. దాటబోయి పడతారు. మ్యాట్ అయితే తీసేయండి. బండ అయితే చుట్టూ ఉన్న నేల రంగుకు దగ్గరి పట్టీ వేయించండి, అప్పటిదాకా అదే రంగు వినైల్ షీటు అతికించండి, అంచులు లేవకుండా. గడులు, పూల డిజైన్లు, మిలమిల మెరిసే పాలిష్ కూడా ఇలాగే తికమక పెడతాయి. మెరుపును నీళ్లనుకుని అడుగు వేయరు.

నిజంగా మెట్టున్న చోట దీనికి వ్యతిరేకంగా చేయాలి. అంచు మీద రెండంగుళాల పసుపు పట్టీ. కమోడ్ తెల్లగా, గోడా తెల్లగా ఉంటే సీటు ఎక్కడుందో తెలియదు. నీలం గానీ ఎరుపు గానీ సీటు పెట్టండి. 60 దాటిన కంట్లోకి 20 ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతు వెలుగే చేరుతుంది, కాబట్టి పడసాలలో ఒక ట్యూబ్‌లైట్ చాలదు. మంచం నుంచి టాయిలెట్ దాకా నేలకు అడుగు ఎత్తున, మనిషి కదిలితే వెలిగే పసుపుపచ్చ చిన్న లైట్లు రెండు మూడు పెట్టండి. పెద్ద లైటు ఒక్కసారిగా వేస్తే కళ్లు చెదిరి ఆ నాలుగడుగులూ గుడ్డిగానే నడుస్తారు. టాయిలెట్ తలుపు రాత్రి తెరిచే ఉంచండి. కమోడ్ కనబడితే మీ తాత దారి వెతుక్కోనక్కర్లేదు.